పాలిమర్ కలిపిన నీళ్లలో తగ్గిన రాపిడి పది నిమిషాల్లో మళ్లీ పెరిగిపోతోంది, తప్పెక్కడ?

గిండీ_ఫ్లో అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. చెన్నైలో ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నాం. నీళ్లలో కొద్దిగా పాలిమర్ కలిపితే పైపులో ప్రెషర్ డ్రాప్ 60, 70 శాతం దాకా తగ్గుతుందని చదివి చిన్న రిగ్ కట్టాం. మాకు అంత రావడం లేదు, వచ్చింది కూడా నిలవడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎక్కడ దెబ్బ తింటున్నామో చెప్పండి.

పైపు అక్రిలిక్, లోపలి వ్యాసం 20 మి.మీ. ట్యాపింగుల (ప్రెషర్ కొలిచే బొరియల) మధ్య 2 మీటర్లు, మొదటి ట్యాపింగుకు ముందు నేరుగా 0.6 మీటరు పైపు. మీటరు ముక్కలే దొరికాయి కాబట్టి ట్యాపింగుల మధ్యలో ఒక జాయింటు వచ్చింది. 60 లీటర్ల ట్యాంకు, 1 హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు. నీళ్లు తిరిగి ట్యాంకులోకే పడతాయి. పంపు తర్వాత ఉన్న గేట్ వాల్వు సగం మూసి, రోటామీటరు (ఫ్లోటుతో ఫ్లో చూపే మీటరు) చూసుకుంటూ నిమిషానికి 40 లీటర్లకు సెట్ చేస్తాం. ప్రెషర్‌కు తలకిందుల యూ ట్యూబు మానోమీటరు, పైన గాలి, కింద నీళ్లు.

నీళ్లు వేళచ్చేరి బోరువి, టీడీఎస్ 1,400. పాలిమర్ చెన్నై ప్యారీస్‌లో కొన్న పాలీఎలక్ట్రోలైట్ పొడి, ఈటీపీల్లో (ఫ్యాక్టరీ మురికినీళ్లు శుద్ధిచేసే ప్లాంట్లలో) బురద గడ్డకట్టించడానికి వాడే కాటయానిక్ (ధన చార్జీ ఉన్న) రకం. 6 గ్రాములు అర లీటరు నీళ్లలో వేసి మిక్సీ జార్‌లో రెండు నిమిషాలు తిప్పి ట్యాంకులో పోశాం. అంటే 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100).

వట్టి నీళ్లకు రెండు మట్టాల తేడా 560 మి.మీ. వచ్చింది. పాలిమర్ పోసిన మొదటి నిమిషంలో 400. పది నిమిషాలకు 530. ఇంకో 6 గ్రాములు పోస్తే మళ్లీ కాస్త తగ్గి, మళ్లీ మొదటికే వస్తోంది.

ఇంకో మాట. ఇది పనిచేస్తే అపార్ట్‌మెంటులో సంప్ నుంచి పై ట్యాంకుకు ఎక్కించే పంపు కరెంటు మిగులుతుందా అని మా గైడు అడిగారు.

పొడవు_గొలుసు జవాబు:

మీ మానోమీటరు నిజమే చెబుతోంది తమ్ముడూ. మొదటి నిమిషంలో 28 శాతం, పది నిమిషాలకు 5 శాతం అంటే మీ పాలిమర్ పని చేసింది, తర్వాత తెగిపోయింది. తెంపినవి మూడు: మిక్సీ బ్లేడు, పంపు ఇంపెల్లరు, సగం మూసిన వాల్వు.

ఈ పనికి గొలుసు పొడవే ప్రాణం. 40 లక్షల మాలిక్యులర్ వెయిట్ ఉన్న పాలీఇథిలీన్ ఆక్సైడ్ తీసుకోండి (ఇక మీదట పీఈఓ అంటాను). నిలకడగా ఉన్న నీళ్లలో అది ఉండ చుట్టిన దారంలా, మైక్రాన్‌లో మూడో వంతు సైజులో ఉంటుంది. పూర్తిగా చాచితే 25 మైక్రాన్లు దాటుతుంది. అంటే దాదాపు వంద రెట్లు సాగగల దారం. ఇక మీ పైపు సంగతి. 40 లీటర్ల దగ్గర వేగం సెకనుకు 2.12 మీటర్లు, 30 డిగ్రీల నీళ్లకు రేనాల్డ్స్ నంబరు (ప్రవాహం ఎంతగా సుడులు తిరుగుతుందో చెప్పే సంఖ్య) 53,000. గోడ మీద షియర్ స్ట్రెస్ (నీళ్లు గోడను రాసుకుంటూ లాగే బలం) సుమారు 11.7 పాస్కల్స్. దాన్నిబట్టి గోడ పక్కన సుడులు పుట్టి చెదిరే కాలం లెక్కేస్తే 68 మైక్రోసెకన్లు వస్తుంది. సాగిన దారం మళ్లీ ఉండ చుట్టుకోవడానికి పట్టే సమయం దీనికంటే ఎక్కువ ఉండాలి. అప్పుడే అది సాగి ఉండి సుడులకు అడ్డం పడుతుంది.

40 లక్షల పీఈఓకు ఆ సమయం సుమారు 1 మిల్లీసెకను. అవసరమైనదానికి 14 రెట్లు. 10 లక్షల పీఈఓకు 80 మైక్రోసెకన్లు, సరిగ్గా అంచు మీద. 3 లక్షలదానికి 10 మైక్రోసెకన్లు కూడా ఉండదు, బకెట్లతో పోసినా లాభం లేదు. ఇప్పుడు చూడండి. లాగినప్పుడు గొలుసు నడుమ భాగంలో తెగుతుంది, ఎందుకంటే లాగుడు అక్కడే ఎక్కువ. 40 లక్షలది ఒకసారి తెగితే 20, రెండోసారి తెగితే 10 లక్షలు. రెండే రెండుసార్లు తెగడంతో పని చేసే పాలిమర్ చేయని పాలిమర్ అయిపోయింది. మీ 60 లీటర్లు నిమిషంన్నరకోసారి పంపు గుండా పోతున్నాయి, పది నిమిషాల్లో ఆరేడు సార్లు. అందుకే ఇంకో 6 గ్రాములు పోసినా అదే కథ.

పంపు లేకుండా చేయండి. మేడ మీద 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, మూడంతస్తుల కింద రిగ్ ఉంచితే 9 మీటర్ల హెడ్ (నీటి ఎత్తు) వస్తుంది, అంటే 88 కిలోపాస్కల్స్. మీ టెస్ట్ సెక్షన్‌కు కావలసింది 5 కిలోపాస్కల్స్ లోపే. దిగే పైపు 32 మి.మీ. వాడండి, పొట్టి ఎల్బోలు కాకుండా పెద్ద బెండ్లు పెట్టండి. ఫ్లో సర్దే వాల్వు మాత్రం టెస్ట్ సెక్షన్ దాటాక, చిట్టచివర ఉండాలి. అక్కడ గొలుసు తెగినా మీ కొలత అప్పటికే అయిపోయి ఉంటుంది. పైన ఉన్న వాల్వులన్నీ బాల్ వాల్వులు, పూర్తిగా తెరిచి. వాడిన నీళ్లు మళ్లీ ట్యాంకులోకి ఎక్కించకండి. 20 పీపీఎంకి 500 లీటర్లలో 10 గ్రాములు చాలు, 40 లీటర్ల ఫ్లోకు పన్నెండున్నర నిమిషాలు నడుస్తుంది.

100 పీపీఎం మీకు అవసరమే లేదు. తెగని 40 లక్షల పీఈఓ 20 పీపీఎం వేస్తే ఈ పైపులో డ్రాప్ సగానికి అటూ ఇటూ పడిపోవాలి.

లాగ్_లాగ్_పేపర్ జవాబు:

పాలిమర్ మాట తర్వాత. మీ వట్టి నీళ్ల రీడింగే తేడాగా ఉంది, ముందు దాన్ని సరిచేయండి.

నునుపు పైపు రాపిడికి వాడే బ్లాసియస్ సూత్రంతో ఫానింగ్ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ (రాపిడిని చెప్పే అంకె, ఎఫ్) 0.0052 వస్తుంది. 2 మీటర్లకు 4.67 కిలోపాస్కల్స్, అంటే 476 మి.మీ. నీటిమట్టం. మీకు వచ్చింది 560. ఆ 84 మి.మీ. పైపు రాపిడి కాదు, జాయింటు దగ్గరి మెట్టుదీ ట్యాపింగు బొరియల దగ్గర లోపల మిగిలిన అంచులదీ కావాలి. పాలిమర్ ఆ మెట్టు దగ్గర పుట్టే నష్టాన్ని పెద్దగా తగ్గించదు. ఆ నష్టాన్ని కలుపుకుని శాతం కడితే అసలైన తగ్గుదల ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

ట్యాపింగులు రెండూ ఒకే ముక్క మీద పెట్టండి. మీటరు ముక్కే దొరికితే వాటి మధ్య 0.8 మీటరు పెట్టండి, 190 మి.మీ. రావాలి, చదవడానికి అది చాలు. బొరియ 1.5 మి.మీ. మించకూడదు. బయట నుంచి డ్రిల్ చేస్తే లోపల అంచు లేస్తుంది. పైపులోకి సరిగ్గా దూరే కర్రకు సన్న ఎమరీ పేపరు చుట్టి రుద్ది, వేలు దూరదు కాబట్టి దూది చుట్టిన పుల్లతో తడిమి చూడండి, పోగు తగులుకుంటే అంచు ఇంకా ఉన్నట్టే. ట్యాపింగుకు ముందు మీకున్న 0.6 మీటరు అంటే 30 వ్యాసాలు. నీళ్లకే అది తక్కువ, పాలిమర్ ద్రావణం కుదురుకోవడానికి ఇంకా ఎక్కువ దూరం తీసుకుంటుంది. కనీసం 2 మీటర్లు, అంటే 100 వ్యాసాలు పెట్టండి. ఆ ముందు భాగంలో జాయింటు ఉండాల్సి వస్తే రెండు అంచులూ చాంఫర్ (ఏటవాలు కోత) లేకుండా చదునుగా కలపండి.

తర్వాత నిమిషానికి 15 లీటర్ల నుంచి 60 లీటర్ల దాకా వట్టి నీళ్లతో ఎనిమిది పాయింట్లు తీసి లాగ్ లాగ్ గ్రాఫు మీద పెట్టండి. బ్లాసియస్ గీతకు 3 శాతం లోపల పడేవరకు పాలిమర్ డబ్బా మూత తీయొద్దు.

పై హద్దు కూడా గుర్తుంచుకోండి. ఏ పాలిమర్ ఎంత వేసినా విర్క్ గీత (పాలిమర్ రాపిడిని తగ్గించగల చివరి హద్దు) దాటదు: ఒకటి బై రూట్ ఎఫ్ = 19 లాగ్ (రేనాల్డ్స్ × రూట్ ఎఫ్) − 32.4. మీ 53,000 దగ్గర ఎఫ్ 0.00115 వస్తుంది, అంటే గరిష్ఠంగా 78 శాతం తగ్గుదల. 2 మీటర్లకు 105 మి.మీ. అంతకంటే తక్కువ చదివితే సంబరపడకండి, ట్యూబులో బుడగ ఇరుక్కుని ఉంటుంది. పాలిమర్ నీళ్లలో బుడగలు త్వరగా వదలవు, ప్రతి రన్నుకూ లైన్లు వదిలి గాలి పోగొట్టాలి.

గొలుసు తెగిందో లేదో పట్టుకోవడానికి ఇదే గ్రాఫు పనికొస్తుంది. నీళ్ల గీత నుంచి పాయింట్లు విడిపోయే చోటు ఆన్‌సెట్. అది గొలుసు పొడవును బట్టి ఉంటుంది. ఎంత కలిపారన్నది విడిపోయాక వాలును మారుస్తుంది కానీ ఆ చోటును పెద్దగా కదపదు. తెగని 40 లక్షల పీఈఓ అయితే మీ పైపులో 15 లీటర్ల దగ్గరే విడిపోయి ఉండాలి. 10 లక్షలకు దిగితే 40 లీటర్ల దాకా నీళ్ల గీత మీదే నడుస్తుంది. మొదటి రన్నుకూ రెండో రన్నుకూ ఆన్‌సెట్ కుడివైపు జరిగితే మధ్యలో గొలుసు తెగినట్టే, వేరే పరీక్ష అక్కర్లేదు.

ఉప్పునీటి_కెమిస్ట్ జవాబు:

పైన ఇద్దరూ చెప్పింది సరే. పొడి, నీళ్లు రెండూ కూడా మార్చాలండి.

కాటయానిక్ పాలీఎలక్ట్రోలైట్ ఈ పనికి వద్దు. అది మట్టి కణాలకు, పైపు గోడలకు అంటుకోవడానికే తయారైంది. మీ బోరు నీళ్లలో ఏ కాస్త మురికి ఉన్నా దాన్ని పట్టుకుని అడుక్కు దిగిపోతుంది. అనయానిక్ పాలీఅక్రిలమైడ్ బాగా పనిచేస్తుంది, అయితే మంచినీళ్లలోనే. దాని గొలుసు మీది రుణ చార్జీలు ఒకదాన్నొకటి తోసుకుంటేనే గొలుసు విప్పారుతుంది. ఉప్పు, మరీ ముఖ్యంగా కాల్షియం ఉంటే ఆ తోపుడు పోయి గొలుసు ముడుచుకుంటుంది. టీడీఎస్ 1,400 ఉన్న వేళచ్చేరి బోరులో సగం బలం అక్కడే పోతుంది. పీఈఓకు చార్జీ లేదు కాబట్టి ఈ బాధ చాలా తక్కువ. పీఈఓ కొనండి, డబ్బా మీద 40 లక్షలని రాసి ఉండాలి. 'హై మాలిక్యులర్ వెయిట్' అని మాటల్లో మాత్రమే రాసింది తీసుకోవద్దు.

మెట్రో వాటర్ (చెన్నై కుళాయి నీళ్లు) వాడితే ఉప్పు తగ్గుతుంది కానీ క్లోరిన్ ఉంటుంది, క్లోరిన్ గొలుసును కోస్తుంది. ట్యాంకు మూత తీసి ఒక పూటంతా ఎండలో వదిలేయండి, లేదా లీటరుకు 1 మి.గ్రా. క్లోరిన్‌కు 7 మి.గ్రా. చొప్పున సోడియం థయోసల్ఫేట్ వేయండి. ఇనుప ట్యాంకు, తుప్పు పట్టిన జీఐ పైపు దగ్గరికి రానివ్వొద్దు. కరిగిన ఇనుము, గాలిలోని ఆక్సిజన్ కలిసి చేసే పాడు క్లోరిన్ కంటే తక్కువేం కాదు.

కరిగించడం దగ్గరే చాలామంది పొడిని పాడుచేస్తారు. రాగి సంకటికి పిండి ఒక్కసారిగా కుమ్మరిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. పైన పొర జిగురై, లోపల పొడి తడవకుండా ఉండలు కట్టేస్తాయి. వాటిని విరగ్గొట్టాలని మిక్సీ వేస్తే ఉండలతో పాటు గొలుసులూ పోతాయి. ఇలా చేయండి. 10 గ్రాముల పీఈఓను పొడి గ్లాసులో 50 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కలపండి. అందులో అది కరగదు, రేణువులు విడివిడిగా తడుస్తాయి. బకెట్‌లో 5 లీటర్ల ఆర్వో నీళ్లు, గేరు మోటారుకు వెడల్పాటి తెడ్డు, నిమిషానికి 200 చుట్లు. సుడి పక్కగా ఆ కలిపినదాన్ని అర నిమిషంలో సన్నగా పోసేయండి. మరో రెండు నిమిషాలకు నీళ్లు చిక్కబడుతున్నట్టు కనిపిస్తాయి. వెంటనే 60 చుట్లకు తగ్గించి గంటసేపు తిప్పి, ఆపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున గరిటెతో ఎత్తితే దారంలా సాగుతూ జారాలి. చేప కన్నుల్లా తెల్లటి చుక్కలు కనిపిస్తే ఇంకా కరగలేదు, ఇంకో పూట ఆగండి. ఇది 0.2 శాతం స్టాక్. మొత్తం 5 లీటర్లు 500 లీటర్ల ట్యాంకులో పోసి చెక్క పలకతో అర గంట నెమ్మదిగా కలియబెడితే మీ 20 పీపీఎం తయారు. కవ్వంతో చిలికినట్టు చేయొద్దు.

ఆల్కహాల్ దగ్గర మంట ఉండకూడదు. పొడి తూచేటప్పుడు మాస్కు పెట్టుకోండి. స్టాక్ నీడలో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

పీఈఓ దొరకడం ఆలస్యమైతే గోరుచిక్కుడు గింజల జిగురు, అదే గ్వార్ గమ్, వాడొచ్చు. కిరాణా షాపుల్లోనూ దొరుకుతుంది. గొలుసు కాస్త బిరుసు కాబట్టి తెగుడుకు పీఈఓ కంటే ఓర్చుకుంటుంది. కానీ 300 పీపీఎం పైన వేయాలి, పైగా చెన్నై వేడికి ఒక్క రోజులో పులిసి బ్యాక్టీరియా తినేస్తుంది. ఆ రోజు కలిపింది ఆ రోజే.

గిండీ_ఫ్లో:

చాలా థాంక్స్ అండీ. ట్యాపింగులు మార్చడం ఈ వారమే మొదలుపెడతాం. రెండు సందేహాలు. మేడ మీద ట్యాంకుకు అనుమతి దొరక్కపోతే పంపు ఉంచి, పంపు దాటాక స్టాక్ ఎక్కించొచ్చా? రెండోది, 20 పీపీఎం నీళ్లు విస్కోమీటరులో పెడితే దాదాపు వట్టి నీళ్లలాగే చూపిస్తాయని ఒక సీనియర్ అంటున్నారు. చిక్కదనమే మారకపోతే రాపిడి సగానికి ఎలా తగ్గుతుంది?

పొడవు_గొలుసు:

ఎక్కించొచ్చు. 40 లీటర్ల ఫ్లోలో 20 పీపీఎం కావాలంటే 0.2 శాతం స్టాక్ నిమిషానికి 400 మి.లీ. పోవాలి. పది నిమిషాలకు 4 లీటర్లు, 8 గ్రాముల పొడి. పెరిస్టాల్టిక్ పంపు ఉంటే అదే పెట్టండి. లేకపోతే స్ప్రే పెయింటింగ్ వాళ్లు వాడే ప్రెషర్ పాట్‌లో స్టాక్ పోసి కంప్రెసర్‌తో నెట్టండి. పైపు లైన్ ప్రెషర్ మీద అర బార్ ఎక్కువ ఉంటే సరిపోతుంది, దారిలో సూది వాల్వు పెట్టి పిండొద్దు, సన్న ట్యూబు పొడవుతోనే ఫ్లో సర్దండి. 4 మి.మీ. ట్యూబును పైపు నడి మధ్యలో, ప్రవాహం పోయే వైపు వంచి వదలండి. స్టాక్ చిక్కగా ఉంటే చాలా దూరం దారాల్లా విడిగానే పోతుంది, అందుకని అక్కడి నుంచి మొదటి ట్యాపింగు దాకా 2 మీటర్లకు తగ్గొద్దు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. గేట్ వాల్వు ఈ ఇంజెక్షన్‌కు ముందే, పంపు వైపునే ఉండాలి. వాడిన నీళ్లు ఇక్కడా తిరిగి ట్యాంకులోకి రాకూడదు.

రోటామీటరును పాలిమర్ రన్నులో నమ్మొద్దు. ఫ్లోటు చుట్టూ పోయే ప్రవాహాన్ని కూడా పాలిమర్ మారుస్తుంది, వట్టి నీళ్లకు వేసిన గీతలు దానికి వర్తించవు. వేగం కొలిచే పిటో ట్యూబుదీ అదే గతి. బయటకొచ్చే నీళ్లను డ్రమ్ములో పట్టి, 30 సెకన్లకు తూకం వేయండి. 20 కిలోలు రావాలి. ఇంతకంటే నమ్మకమైన ఫ్లోమీటరు లేదు.

మీ సీనియర్ అన్నది నిజం. 20 పీపీఎం దగ్గర చిక్కదనం 3, 4 శాతమే పెరుగుతుంది. రాపిడి తగ్గడానికి చిక్కదనంతో సంబంధం లేదు. మీ పైపులో గోడ నుంచి 40 మైక్రాన్లకూ 220 మైక్రాన్లకూ మధ్య, అంటే ఒక వెంట్రుక మందంలో సగం నుంచి మూడు వెంట్రుకల మందం దాకా, ఒక సన్నటి పొర ఉంటుంది. బఫర్ లేయర్ అంటారు. టర్బులెన్స్‌కు పుట్టిల్లు అదే. ప్రవాహం వెంబడి పడుకున్న చిన్న చిన్న సుడులు అక్కడ పుట్టి, గోడ దగ్గరి నెమ్మది నీళ్లను పైకి ఎత్తి, పైనున్న వడి నీళ్లను గోడ మీదికి విసురుతాయి. ప్రెషర్ ఖర్చయ్యేది ఎక్కువగా ఆ ఎత్తిపోతకే. రెండు సుడుల నడుమ నీళ్లు సాగే చోట గొలుసులు కూడా సాగుతాయి. సాగిన గొలుసులున్న నీళ్లను ఇంకా సాగదీయాలంటే వట్టి నీళ్ల కంటే ఎన్నో రెట్లు బలం కావాలి. విస్కోమీటరు నీళ్లను పక్కకు జరుపుతుందే తప్ప సాగదీయదు కాబట్టి దానికి ఇది కనబడదు. సుడులు బలహీనపడి, ఆ పొర మందమెక్కి, విసుర్లు తగ్గుతాయి. లామినార్ (పొరలు పొరలుగా సాగే) ప్రవాహంలో సుడులే లేవు కాబట్టి అక్కడ పాలిమర్ వేసినా ఒరిగేదేమీ లేదు.

హెడ్_లాస్ జవాబు:

గైడు గారి ప్రశ్నకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. అపార్ట్‌మెంటుకు పనికిరాదు. తాగే నీళ్లలో ఇవి కలపకూడదన్నది మొదటి మాట. అది పక్కన పెట్టినా లెక్క కుదరదు. సంప్ నుంచి పై ట్యాంకుకు 40 మీటర్ల ఎత్తు, పైపు రాపిడి 3 మీటర్లు అనుకోండి. రాపిడిలో 60 శాతం తగ్గించినా మిగిలేది 43లో 1.8 మీటర్లు, 4 శాతం. ఎత్తుకు అయ్యే ఖర్చును ఏ పాలిమర్ తగ్గించలేదు. రాపిడి మీదే కరెంటంతా పోయే చోటే ఇది వెతుక్కోవాలి.

అలాంటి చోట్లు ఉన్నాయి. 1948లో టామ్స్ అనే శాస్త్రవేత్త దీన్ని చూపింది మోనోక్లోరోబెంజీన్‌లో పీఎంఎంఏ (అక్రిలిక్ ప్లాస్టిక్) కరిగించి. పెద్ద ఎత్తున వాడకం 1979లో అలాస్కా క్రూడ్ పైప్‌లైన్‌తో మొదలైంది. అక్కడ నూనెలో కరిగే పాలిమర్‌ను పదుల పీపీఎంలలో, పంపు స్టేషన్లు దాటాక మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు. మీ మోనోబ్లాక్ చేసిన పనే అక్కడి పంపులూ చేస్తాయి కాబట్టి. న్యూయార్క్ ఫైర్ సర్వీసు పీఈఓను హోస్ పైపుల్లో వాడింది. సన్నటి హోస్‌లోంచే ఎక్కువ నీళ్లు, ఒక్కసారి పోయి మంట మీద పడతాయి. తిరిగి రావు, అందుకే తెగుడు బాధ లేదు.

తిరిగే లూపే కావాలనుకుంటే, ఉదాహరణకు ఓఎంఆర్ (చెన్నైలో ఐటీ కంపెనీల రోడ్డు) ఆఫీసుల చిల్డ్ వాటర్ లైన్లలాంటి వాటికి, పాలిమర్ బదులు సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) చూడండి. సీటాక్ (ఒక కాటయానిక్ సర్ఫాక్టెంట్), సోడియం సాలిసిలేట్ కలిపితే నీళ్లలో పొడవైన పోగుల్లాంటి మైసెల్స్ (సర్ఫాక్టెంట్ అణువుల గుంపులు) ఏర్పడతాయి. పంపులో విరిగినా కొన్ని సెకన్లలో మళ్లీ అతుక్కుంటాయి. మీ ప్రాజెక్టు రెండో భాగంగా ఇదే రిగ్ మీద, ఇదే మోనోబ్లాక్‌తో నడపొచ్చు. ఒక మితి దాటిన షియర్ దగ్గర హఠాత్తుగా పని ఆపేస్తాయి, ఫ్లో తగ్గిస్తే మళ్లీ లేస్తాయి. ఆ ఆగే చోటును కొలిస్తే మంచి చాప్టర్ అవుతుంది. చిక్కు ఒకటుంది. రాపిడితో పాటు హీట్ ట్రాన్స్‌ఫర్ కూడా పడిపోతుంది, సాధారణంగా రాపిడి కంటే ఎక్కువ శాతమే. కాబట్టి చిల్లర్ దగ్గర ఆ పోగులను విరగ్గొట్టే ఏర్పాటు, మెష్ లాంటిది, ఉండాలి. కాటయానిక్ సర్ఫాక్టెంట్లు చేపలకు విషం, డ్రైనులో వదలొద్దు, క్యాన్లలో పట్టి కెమికల్ వేస్ట్ కింద పంపించండి.

ఉప్పునీటి_కెమిస్ట్:

ఒకటి మర్చిపోయాను, ఇది ల్యాబులో అందరికీ చెప్పండి. పీఈఓ పొడి గానీ స్టాక్ గానీ నేల మీద పడితే నీళ్లు పోసి కడగొద్దు. నీళ్లు తగిలిన కొద్దీ గచ్చంతా జారుడుబండ అవుతుంది, ఎన్ని బకెట్లు పోసినా వదలదు. పొడి పడితే పొడిగానే ఊడ్చేయండి. స్టాక్ ఒలికితే దాని మీద రంపపు పొట్టు గానీ కల్లుప్పు గానీ మందంగా చల్లి, పావుగంట ఆగి, పారతో ఎత్తి సంచిలో వేయండి. ఆ తర్వాత మిగిలిన మరకను బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో రుద్దండి. ట్యాంకు దగ్గర మీ గొలుసులకు శత్రువైన క్లోరిన్ ఇక్కడ వాటిని ముక్కలు చేసి జిగురు వదిలిస్తుంది. ఆ బకెట్, చీపురు స్టాక్ తయారుచేసే చోటికి మళ్లీ తీసుకురాకండి.